ఒట్టు తీసి మడ్‌గార్డున పెట్టు

మార్టూరు సెంటర్ దాటగానే ఉన్న రాళ్ల పాలిష్ షెడ్డు ముందుకి మిట్టమధ్యాహ్నం వేళ ఒక మట్టిదిబ్బ వచ్చి ఆగింది. దిబ్బకు హారను ఉంది. స్టీరింగు ఉంది. స్టీరింగు వెనక చెంచురామయ్య, పక్కన ఒళ్లో బట్టలమూటతో అతని భార్య గురవమ్మ ఉన్నారు. అది జీపని పోల్చుకోవడానికి షెడ్డు నడిపే నాగూర్ వలికి కాస్త టైము పట్టింది.

"ఏరా చెంచూ! జీపులో వచ్చావా, చేలో వచ్చావా?"

"చేనే నాతో లేచొచ్చిందిరా వలీ. వెటకారాలు తర్వాత. నాలుగింటికల్లా ఇది మళ్లీ జీపవ్వాలి. నీళ్ల పైపెక్కడ?"

"మా చెల్లెమ్మ దిగొచ్చిందే! పంతొమ్మిది రోజులుగా పుట్టింట్లో ఉందన్నావు?"

"ఆవిడ దిగొచ్చింది. ఆవిడ కోసం నేను తారు దిగొచ్చాను. అదే తకరారు."

జీపు చెంచురామయ్యది కాదు, బావ ఆదెయ్యది. ఎనభై నాలుగులో మిరప కలిసొచ్చినప్పుడు కొన్నాడు. మిలిటరీ వాళ్లు వాడి వాడి వదిలేసిన బండి. ఏ సరిహద్దుల్లో ఏ కొండలెక్కిందో, ఏ లోయలు దిగిందో తెలియదు గానీ, ఆదెయ్య చేతిలో పడ్డాక తారురోడ్డు తప్ప దానికి వేరే లోకం లేదు. జీపు మీద దుమ్ము పడితే ఆయన కంట్లో నలుసు పడ్డట్టే. ఆ కళ్లు చూపించుకోవడానికే ఆ పొద్దున పెళ్లాంతో సహా గుంటూరు బస్సెక్కాడు. జీపులోనే వెళ్లొచ్చు కదా అంటే, బ్రాడీపేట సందుల్లో ఆటోలు గీకుతాయట.

ఎక్కేముందు తాళంచెవి చేతిలో పెడుతూ, పెట్టీ పెట్టనట్టు పట్టుకుని అన్నాడు.

"ఏవోయ్ బామ్మర్దీ, పురుగుమందు కోసం అద్దంకి దాకా వెళ్లొస్తానన్నావు, సరే. అద్దంకి రోడ్డు అద్దంలా ఉంది. నువ్వు అద్దం దిగకూడదు. తారు దిగనని మీ అక్క మీద ఒట్టెయ్."

"మధ్యలో నా నెత్తెందుకయ్యా?" అంది రాఘవమ్మ. "మీ జీపుకి లేదా నెత్తి?"

"దానికి టాపుంది గానీ తలకాయ లేదే!"

చెంచురామయ్య అక్క నెత్తిన చెయ్యి పెట్టాడు. "తారు దిగితే ఒట్టు" అన్నాడు.

ఒట్టంటే అతనికి ఒణుకు. దానికో కథ ఉంది. ఎనిమిదేళ్లప్పుడు ఆవకాయ జాడీ పగలగొట్టి, "నేను కాదు, అక్క మీద ఒట్టు" అన్నాడు. జాడీ పెంకులు ఎత్తిపోసిన నాలుగో రోజున అక్కకి అమ్మవారు పోసింది. వేపమండల మధ్య పదిహేను రోజులు పడుకున్న అక్కని గడప ఇవతల నుంచి చూసి, ఆ పొక్కులన్నీ తన నోట్లోంచి రాలినవేనని నమ్మాడు. అక్క బతికింది. నుదుటి మీద, బొట్టు పక్కన, శనగగింజంత గుంట మిగిలింది. లోకానికి అది మచ్చ. చెంచురామయ్యకి అది తన సంతకం. ముప్పై రెండేళ్లుగా అక్క ఎదురుపడితే ముందు ఆ సంతకమే కనిపిస్తుంది.

అలాంటివాడు మళ్లీ అక్క మీద ఒట్టేసి మరీ ఎందుకు తారు దిగాడంటే, నోటి దూల. చుట్టాలందరూ విస్తళ్ల ముందు కూర్చున్నప్పుడు, "మా అత్తారింటి దారి మనుషులు నడిచేది కాదబ్బా, గేదెలు పొర్లేది" అన్నాడు. అందరూ నవ్వారు. వడ్డిస్తున్న గురవమ్మ నవ్వలేదు. మర్నాడే ఆ గేదెల దారినే పుట్టింటికి నడిచి వెళ్లిపోయింది. వెళుతూ, "ఈ దారినే బండి కట్టుకొచ్చి, మా గడప ముందు ఆపి పిలిస్తే వస్తా. లేకపోతే గేదెనే కాపరానికి తెచ్చుకో" అంది. పంతొమ్మిది రోజులుగా చెంచురామయ్య తనే వండుకుంటున్నాడు. వండిందాన్ని కుక్క కూడా వాసన చూసి వినయంగా పక్కకి జరుగుతోంది.

అందుకని అద్దంకి వైపు కాకుండా అత్తగారి వైపు తిప్పాడు. తారు అంచున జీపు ఆపి, అటూ ఇటూ చూసి దిగాడు. చిన్నప్పుడు పిల్లలందరూ చేసినట్టే, నెత్తి మీద నుంచి రెండు చేతులా ఏదో దించి, "ఒట్టు తీసి గట్టున పెట్టా" అని పక్కనున్న మిరపచేని గట్టు మీద పెట్టాడు. గాలికి దొర్లిపోకుండా దాని మీద ఒక మట్టిబెడ్డ కూడా బరువు పెట్టాడు. వచ్చేటప్పుడు మళ్లీ ఎత్తుకుంటే సరి.

వెళ్లేటప్పుడు బాగానే వెళ్లాడు. గడప ముందు ఆపాడు, పిలిచాడు, గురవమ్మ ఎక్కింది. అప్పుడే వాన దిగింది. రెండు మైళ్ల నల్లరేగడి. ఆ నేలకి ప్రేమ ఎక్కువ. ముట్టుకున్నవాణ్ణి వదలదు. చక్రాలు తిరిగేకొద్దీ బూరెల్లా ఉబ్బాయి. రెండుచోట్ల గురవమ్మ దిగి వెనక నుంచి నెట్టింది. ఇంక రేగడి వద్దని వాగులోకి దింపితే అక్కడ ఇసుక. కూరుకుపోయిన చక్రాల కింద పత్తికట్టె పరిచి, ఇద్దరూ దేవుళ్లందర్నీ తలుచుకుని, ఎలాగో తారెక్కారు. ఎక్కి చూస్తే మిరపచేని గట్టు లేదు. నీళ్లు నిలుస్తాయని చేనుగలాయన గండి కొట్టేశాడు.

గట్టు తెగిందంటే ఒట్టు ఎక్కడున్నట్టు? వాగులో కలిసినట్టా? గట్టు చేతిలో లేదు, జీపన్నా చేతిలో ఉంది. దీని మీద మట్టన్నది లేకుండా చేస్తే ఒట్టు తప్పినట్టు అక్కకి తెలియదు. తెలియకపోతే తగలదేమో! ఇదీ అతని ఆశ.

* * *

"ఏవిట్రా నువ్వు తుడిచేది?" అన్నాడు నాగూర్ వలి. "అది గుడ్డకి లొంగే మట్టి కాదు. గునపం తే."

కొంత గునపంతో, కొంత కొబ్బరిపీచుతో, రేడియేటరు సందుల్లో చీపురుపుల్లలతో ఇద్దరూ పట్టు పట్టారు. పెచ్చులు పెచ్చులుగా రాలుతున్న మట్టిలో మిరపనారు ఒకటి వేళ్లతో సహా వచ్చింది. సీటు కింద గుప్పెడు ఇసుక తీస్తే, పెడళ్ల దగ్గర మరో గుప్పెడు కనిపించింది. చాప దులిపితే దోసెడు రాలింది.

"ఇసుక తక్కెడ పెట్టుకుంటే సరిపోయేది మనం" అన్నాడు వలి. "మడ్‌గార్డు, మడ్‌గార్డు అంటారు గానీ చెంచూ, ఇది మట్టికి గార్డురా. ఒక్క రవ్వ బయటికి పోకుండా కాపలా కాసింది చూడు."

చెంచురామయ్య రాళ్లకు నీళ్లు కొట్టే పైపు లాక్కొచ్చి జీపుకి తలంటాడు. జీపు నిగనిగలాడింది. చెంచురామయ్య బండరాయి మీద కూలబడి చెమట తుడుచుకున్నాడు. ఎండ కాసింది. ఎండేకొద్దీ జీపు తెల్లబడటం మొదలుపెట్టింది. పది నిమిషాల్లో ఒళ్లంతా విభూతి పూసుకుని కాశీకి బయల్దేరినట్టు నిలబడింది.

"ఓరి నీ! తొట్టెలో నీళ్లు కొట్టావా?" అని వలి నెత్తి కొట్టుకున్నాడు. "అవి రాళ్లు పాలిష్ పట్టిన నీళ్లురా, అంతా రాతిపిండే. బోరు పైపు అటుంది."

జీపు తెల్లబోయింది. జీపుని చూసి చెంచురామయ్య తెల్లబోయాడు. గురవమ్మ నవ్వు ఆపుకోలేక పక్కకి తిరిగింది. పంతొమ్మిది రోజుల తర్వాత ఆ నవ్వు విని, అంత కంగారులోనూ చెంచురామయ్యకి హాయిగానే అనిపించింది.

బోరు నీళ్లతో రెండో తలంటు. ఆఖరుగా ఎడమవైపు వెనక మడ్‌గార్డు లోపల గునపం పెట్టి పొడిస్తే, నల్లమట్టి కింద ఇంకో మట్టి తగిలింది. ఇటుకలా గట్టిపడిన ఎర్రమట్టి. చెంచురామయ్య ఒక బెడ్డ ఊడదీసి వేళ్ల మధ్య నలిపాడు. సన్నగా గులకరాయి తగిలింది. నేల పట్టుకుని ఊరు చెప్పడం ఆ వైపు రైతులకి అలవాటు. ఇది మార్టూరు నేల కాదు, అద్దంకిది కాదు. కనిగిరి అవతలి మెట్ట.

తారు దిగని జీపుకి కనిగిరి మెట్టెలా అంటింది?

పోయిన నెల కనిగిరి అవతల ఎద్దుల పందేలు జరిగాయి. రెండేళ్ల కిందట అలాంటి పందెంలోనే, బండ లాగుతున్న ఎద్దుల పక్కన అరుస్తూ పరిగెత్తి, పడి మోకాలు చిప్ప పగలగొట్టుకున్నాడు ఆదెయ్య. "ఇక పందేలకి పోనని నా మీద ఒట్టెయ్యి" అని రాఘవమ్మ ఏడిస్తే ఒట్టేశాడు. మరి పోయిన నెల ఆ రోజు ఎక్కడికెళ్లాడు? "ఒంగోలు పనుంది" అని వెళ్లాడు!

"అమ్మ బావా!" అన్నాడు చెంచురామయ్య. "ఒంగోలు పనంటే ఒంగోలు గిత్తల పనా?"

బెడ్డని జాగ్రత్తగా జేబులో వేసుకున్నాడు.

* * *

నాలుగింటి బస్సులోంచి ముందు రాఘవమ్మ దిగింది. ఆమె చెయ్యి పట్టుకుని ఆదెయ్య దిగాడు. కళ్లు రెండూ ఎర్రగా, నీళ్లు కారుతూ ఉన్నాయి.

"కంట్లో చుక్కల మందేశారోయ్. రేపటిదాకా అంతా మసకేనట. జీపేదీ?"

ఆ మాటకి చెంచురామయ్య ప్రాణం లేచొచ్చింది. ఆదెయ్య మాత్రం కళ్లు పోతే వేళ్లున్నాయన్నట్టు జీపు ఒళ్లంతా తడిమాడు. బానెట్టు, తలుపులు, నాలుగు మడ్‌గార్డుల లోపల. వేళ్లు ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూశాడు.

"ఫరవాలేదు. మాట మీద నిలబడ్డావ్."

రాఘవమ్మ జీపు వైపు చూడనే లేదు. గురవమ్మని గబగబా దగ్గరికి లాక్కుంది.

"ఎప్పుడొచ్చావే?"

"బస్సులో వచ్చింది అక్కా" అన్నాడు చెంచురామయ్య, తనని అడగకపోయినా.

రాఘవమ్మ మరదలిని తలనుంచి కాళ్లదాకా ఒకసారి చూసింది.

అందరూ ఎక్కారు. చెంచురామయ్య నడుపుతున్నాడు, పక్కన బావ, వెనక ఆడవాళ్లిద్దరూ. అర మైలు హాయిగా సాగింది. అడ్డంగా గొర్రెలమంద వచ్చింది. బ్రేకు తొక్కాడు.

కర్ర్ర్ర్.

ఆదెయ్య నిటారుగా లేచి కూర్చున్నాడు. "ఆగు. మళ్లీ తొక్కు."

కర్ర్ర్ర్.

"ఇసుక! బ్రేకు డ్రమ్ములో ఇసుక! తారు మీద ఇసుకెక్కడిదిరా? ఒరేయ్, వాగులో దింపావురా నువ్వు! మీ అక్క మీద ఒట్టేసి..."

చెంచురామయ్య జేబులోంచి బెడ్డ తీసి బావ అరచేతిలో పెట్టాడు. ఆదెయ్యకి కనిపించదు గనక నలిపాడు. గులకరాయి తగిలింది. నలిపే వేళ్లు ఆగిపోయాయి.

"ఎక్కడిది?" అన్నాడు గొంతు తగ్గించి.

"మీ మడ్‌గార్డు కాపలా కాసింది బావా."

"అహ, అంటే... తారు మీద కూడా అప్పుడప్పుడు ఇసుక లారీలు పోతుంటాయిగా. ఎగిరి పడుంటుంది" అని ఆదెయ్య నీళ్లు నమిలాడు.

"అవునవును. ఎర్రమట్టి లారీలు కూడా పోతుంటాయి" అంది వెనక నుంచి రాఘవమ్మ.

ఇంజను కూడా వింటున్నట్టే ఉంది.

"పోయిన నెల నీ పంచె మూడు ఉతుకులు ఉతికానయ్యా. ఎరుపు పోతేగా. ఒంగోలు ఊళ్లో అంత ఎర్రమట్టి ఎక్కడుందా అనుకున్నా. ఇదిగో ఇప్పుడు నా మరదలి చీర కుచ్చిళ్లు చూడరా. జానెడు మేర నల్లరేగడి. వాళ్ల ఊరికి బస్సెప్పుడు వేశార్రా తమ్ముడూ?"

చెంచురామయ్య తిరిగి చూశాడు. జీపు రెండుసార్లు కడిగాడు. పెడళ్ల సందులు పుల్లలతో గోకాడు. పక్కనే బండ మీద కూర్చున్న పెళ్లాం చీర మాత్రం చూడలేదు. గురవమ్మ కుచ్చిళ్లు చాటు చేసుకోబోయి, లాభం లేదని వదిలేసింది.

"జీపులు మీరు కడుగుతారు. బట్టలు ఉతికేది మేమేగా" అంది రాఘవమ్మ. "నా నెత్తేమన్నా ఒట్లు ఆరేసే దండెమా? వచ్చినవాడల్లా ఒకటి వేసి పోతాడు!"

చెంచురామయ్య జీపు పక్కకి తీసి ఆపాడు.

"అక్కా, నీకేం కాదుగా? గట్టున పెట్టే వెళ్లాను. ఆ గట్టు కాస్తా తెగిపోయింది. ఆ జాడీ అప్పుడు కూడా... నీకు అమ్మవారు..."

"ఏ జాడీరా?"

"ఆవకాయ జాడీ. పగలగొట్టింది నేనే. నేను కాదని నీ మీద ఒట్టేశా. నాలుగో రోజున నీకు పోసింది."

రాఘవమ్మ కాసేపు అర్థం కానట్టు చూసింది. అర్థమయ్యాక చూపు మెత్తబడింది.

"ముప్పై ఏళ్లుగా ఇది కడుపులో పెట్టుకున్నావా? ఒరే పిచ్చోడా! ఆ ఏడు ఊళ్లో నలభై మందికి పోసింది అమ్మవారు. అందరి తమ్ముళ్లూ జాడీలే పగలగొట్టారా? నువ్వేనని నాకు ఆ రోజే తెలుసు. నీ చొక్కా నిండా నూనే. ఉతికింది నేనేగా!"

చెంచురామయ్య అక్క నుదుటి మీది గుంటని చూశాడు. మొదటిసారి అది ఉత్త మచ్చలా కనిపించింది. గుండెల మీద నుంచి ఏదో పెచ్చులుగా రాలిపోయింది. ఏ పైపూ కొట్టకుండానే ఒళ్లంతా కడిగినట్టయింది.

"ఏ దారిన వెళ్తేనేం, నీ పెళ్లాం ఇంటికొచ్చింది. అది చాలు" అంది రాఘవమ్మ. కొంగు సర్దుకుని, నెత్తి మీద నుంచి రెండు చేతులా దించి జీపు బయటికి విదిలించింది. "ఇవిగో, రెండు ఒట్లూ తీసి గట్టున పెట్టేశా. బండి పోనియ్యి."

ఆదెయ్య ఊపిరి వదిలిన చప్పుడు ఇంజను చప్పుడులోనూ వినిపించింది. బండి కదిలాక మెల్లిగా అన్నాడు.

"బామ్మర్దీ, ఆ బ్రేకు..."

"రేపు పొద్దున్నే డ్రమ్ము విప్పి ఇసుక తీసేద్దాం బావా."

"తీసి దాన్ని కూడా గట్టునే పెట్టండి" అంది రాఘవమ్మ. గురవమ్మ ఇంక ఆపుకోలేక పైకే నవ్వింది.