లాగి చూడని జాయింటు

మా నాన్నకి యుద్ధంలో పతకం ఇచ్చారన్న సంగతి నాకు ఇరవై ఏళ్ళు వచ్చేదాకా తెలియదు. అరిగిపోయిన బేరింగులు పడేసే డబ్బాలో దొరికింది. ఇదేంటని అడిగితే, "ఉండనీలే, ఇత్తడే కదా" అన్నాడు. ఇంకొకరి నాన్నయితే పటం కట్టించి, షాపుకి వచ్చినవాళ్ళందరినీ కూర్చోబెట్టి కథ చెప్పి ప్రాణం తీసేవాడు. మా నాన్న మాత్రం ఆ ఊసెత్తితే చాలు, వినబడనట్టు చేతిలోని మోటారు మీదకి వంగేవాడు.

మాది మోటార్ వైండింగ్ షాపు. కాలిపోయిన మోటార్లు విప్పి, మాడిన రాగి తీగ పీకేసి, కొత్తది చుట్టి ఇస్తాం. పదడుగుల గది, ముందు పని బల్ల, వెనక వార్నిష్ వాసన. అమ్మ పోయాక నేనూ నాన్నా ఇద్దరమే. పదేళ్ళుగా చుడుతున్నా నాకింకా చుట్టడం రాలేదని నాన్న నమ్మకం. కాలు ఈడ్చుకుంటూ వచ్చి నా వెనక నిలబడి, ఏమీ అనకుండా ఒక్క నిట్టూర్పు విడుస్తాడు. తిట్టినా బాగుండును అనిపిస్తుంది.

పోయిన ఏడాది మా వీధి వెడల్పు చేస్తామని వచ్చి గోడల మీద ఎర్ర గీతలు గీశారు. మా షాపులో ఆ గీత వెనక గోడ దగ్గర పడింది. అంటే మాకు మిగిలేది ఆ గోడొక్కటే. ఎక్కే మెట్టూ దిగే మెట్టూగా ఆఫీసుల చుట్టూ చెప్పులరిగేలా తిరిగాను. చివరికి ఒక గుమాస్తా జాలిపడి ఒక దారి చెప్పాడు. కొత్తగా కట్టిన దుకాణాల సముదాయం ముందు యుద్ధవీరుల ఫలకం పెడుతున్నారు. అందులో పేరెక్కినవాళ్ళ షాపు వీధి వెడల్పులో పోతే, సముదాయంలో కింది అంతస్తులోనే ఇంకోటి ఇస్తారు. పతకంతో పాటు ఇచ్చిన ప్రశంసాపత్రం నిజమేనని కమిటీ ముందు రెండు సంతకాలు పడాలి. ఒకటి వీరుడిది, ఇంకోటి ఆయనతో పనిచేసిన సాక్షిది.

ఎగురుకుంటూ వచ్చి నాన్నకి చెప్పాను.

"నేను వీరుణ్ణి కాదు కదే" అన్నాడు, స్క్రూ డ్రైవర్ వెతుక్కుంటూ.

"పత్రం మీద అచ్చేసి ఇచ్చారు కదా."

"అచ్చేసినవాళ్ళు అక్కడ లేరుగా."

నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. ఇంత వయసొచ్చాక రోడ్డున పడదామా, నీ మొహమాటానికి నా బతుకు బలి పెడతావా అని నోటికొచ్చిందల్లా అన్నాను. రెండు రోజులు మాట్లాడలేదు. బల్లకి ఆ చివర ఆయన, ఈ చివర నేను, మధ్యలో మోటార్లు. మూడో రోజు ఆయనే అన్నాడు. "సరే, వస్తాను. అడిగితే మాత్రం ఉన్నదే చెప్తాను. తర్వాత నన్ననకు."

నాకు మొదటి ముక్కే వినబడింది.

సాక్షిని వెతకడం నా వంతయింది. నాన్న సైన్యంలో టెలిఫోన్ లైన్లు వేసే దళంలో ఉండేవాడు. ఆ పనికి ఇద్దరిద్దర్ని జతగా పంపేవారట. నాన్న జతగాణ్ణి అందరూ బక్కోడు అనేవాళ్ళు. పెన్షన్ ఆఫీసులో ఆరా తీసి నంబరు తెచ్చి ఫోన్ చేస్తే, నా మాట పూర్తి కానివ్వలేదు. "వస్తానమ్మా. ఎప్పుడు పిలుస్తారా అనే ఉన్నాను" అన్నాడు.

మూడు బస్సులు మారి వచ్చాడు. బక్కోడు అన్న పేరు ఏ కాలంలో పెట్టారో గానీ, ఇప్పుడు పొట్ట ముందొచ్చి మనిషి వెనక వస్తున్నాడు. భార్య మూడేళ్ళుగా మంచంలో ఉందట. వంట, స్నానం, మందులు అన్నీ ఈయనే. వచ్చే పెన్షన్ ఆ మందులకే సరిపోతుందట. నేను బాబాయ్ అని పిలిచేసరికి ఎంత మురిసిపోయాడో. నాన్నని మాత్రం ఇంకా మేస్త్రీ అనే పిలుస్తున్నాడు. కమిటీ పిలిచేదాకా ఇద్దరూ పక్కపక్కన కూర్చుని, మోకాళ్ళ నొప్పుల గురించి తప్ప ఏమీ మాట్లాడుకోలేదు.

కమిటీ అంటే పెద్ద హడావుడేమీ లేదు. పొడుగాటి బల్ల, ఫ్యాను, రాసుకోవడానికి ఆ గుమాస్తా, కమిటీ పెద్దగా ఒక రిటైరైన హెడ్మిస్ట్రెస్. ఆవిడ కళ్ళజోడు పెట్టుకుని పత్రం చదివింది.

"ఎత్తు మీద ఉన్న కావలి స్థావరానికి వేసిన టెలిఫోన్ తీగ శత్రువుల ఫిరంగి గుండు తగిలి తెగిపోగా, కురుస్తున్న గుండ్ల మధ్య ఒంటరిగా పాకుతూ వెళ్ళి, కాలికి తీవ్ర గాయమైనా లెక్కచేయక తీగను కలిపి, స్థావరంలోని ముప్పై ఒక్కమంది ప్రాణాలను కాపాడినందుకు." పత్రం కింద పెట్టింది. "ఇదంతా నిజమేనాండీ?"

"తీగ తెగలేదండీ" అన్నాడు నాన్న. "జాయింటు ఊడింది."

కొంప మునిగిందనుకున్నాను. నాన్న మాత్రం కాలిపోయిన మోటారు గురించి చెప్పినంత మామూలుగా చెప్పుకుపోయాడు.

"ఆ లైను పొద్దున్నే మేమే వేశాం. కొండ మలుపులో ఒక తీగచుట్ట అయిపోతే రెండోది కలపాలి. అక్కడ జాయింటు వేసింది నేను. చలికి వేళ్ళు కొంకర్లు పోయాయి. తొందరలో రెండు మెలికలు తక్కువ తిప్పాను. మధ్యాహ్నం లైను పోయింది. వెళ్ళి చూస్తే గుండ్లు పడింది ఎక్కడో, తీగ ఎక్కడా తెగలేదు. నా జాయింటే విడిపోయి ఉంది. నలభై నిమిషాలు పైవాళ్ళకి ఫోను లేదు. సాయం అడగడానికి లేక నలుగురు పోయారు. పత్రంలో ముప్పై ఒక్కమంది అని రాశారు కదా, పొద్దున పైన ఉన్నది ముప్పై అయిదుగురు."

 నిజం చెప్తున్నాను, ఆ క్షణంలో నాకు గుర్తొచ్చింది ఆ నలుగురు కాదు. మా షాపు. ఆ మాట తల్చుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది.

గుమాస్తా గొంతు సవరించుకున్నాడు. "పెద్దాయనా, ఇది రాస్తే ఫైలుతో పాటు పైకి పంపాలి. నలుగురు పోయారంటున్నారు కాబట్టి విచారణ వేస్తారు. అది తేలేదాకా పతకం, పెన్షన్ అన్నీ ఆగిపోతాయి. ఆలోచించుకోండి."

"రాయండి" అన్నాడు నాన్న. మొహంలో ఎంత తేలిక. ముప్పై రెండేళ్ళుగా ఎత్తుకున్న మూట ఎవరో అందుకుని దింపినట్టు ఉంది.

"అయినా గుండ్లు పడుతుంటే మీరు వెళ్ళారు కదండీ" అంది హెడ్మిస్ట్రెస్. ఆవిడకి నాన్నని వదులుకోవడం ఇష్టం లేదు.

"నా చేతి పని పాడైతే నేను కాక ఎవరు వెళ్తారండీ."

అప్పుడు బాబాయ్ లేచాడు. కుర్చీ పట్టుకుని నిలబడ్డాడు.

"నాదీ రాసుకోండి. మేస్త్రీ మొత్తం చెప్పలేదు. మా పనిలో జాయింటు ఒకడు వేస్తే రెండోవాడు రెండు చేతుల్తో లాగి చూడాలి. ఊడకపోతే సరే అనాలి. సరే అంటేనే మట్టి కప్పాలి. ఆ పొద్దున లాగి చూడాల్సింది నేను. పక్కనే గుండు పడింది. తల ఎత్తకుండానే సరే అన్నాను. లాగి ఉంటే అక్కడికక్కడే ఊడొచ్చేది, మళ్ళీ వేసేవాళ్ళం. ఆ నలుగురూ ఉండేవాళ్ళు." ఆగి ఊపిరి పీల్చుకున్నాడు. "అప్పట్నుంచీ తిండి సహించడం లేదని కోతలు కొయ్యను. పొట్ట కనబడుతూనే ఉంది కదా. కానీ ఆ సరే అన్న మాట నా చెవుల్లోంచి పోలేదు. మధ్యాహ్నం లైను చూడ్డానికి వెళ్ళే వంతు కూడా నాదే. కూర్చోరా, అది నా జాయింటు అని నన్ను వెనక్కి నెట్టి తను వెళ్ళాడు. కాలు పోగొట్టుకున్నంత పనైంది."

నేను నాన్న వైపు చూశాను. మా షాపులో ఈ రోజుకీ అదే పద్ధతి. నాన్న జాయింటు వేస్తే నేను లాగి చూడాలి, నేను వేస్తే ఆయన చూడాలి. చూడకుండా ఒక్క మోటారు గుమ్మం దాటదు. ఊడితే తిట్లు వేసినవాళ్ళకి కాదు, చూసినవాళ్ళకే. అలాంటి మనిషికి ఆ పొద్దున ఎవరూ లాగలేదని తెలియకుండా ఉంటుందా? ఆయన మొహంలో ఆశ్చర్యం లేదు. అంతా తెలుసు. ఉన్నదే చెప్తానని చెప్పి, ఇదొక్కటీ మింగేశాడు.

గుమాస్తా కొత్త కాగితం తీశాడు. "మీ పెన్షన్ నంబరు చెప్పండి."

బాబాయ్ చెప్పడం మొదలుపెట్టాడు. మూడు అంకెలు చెప్పాడో లేదో, నాన్న వంగి ఆ కాగితం మీద అరచెయ్యి పెట్టేశాడు.

"ఇది రాయకండి. నేను చెప్పింది కూడా కొట్టేయండి."

"అదేంటండీ, ఇందాక ఊడిందన్నారు."

"అబద్ధం చెప్పాను. ఈ ఫలకాలూ సన్మానాలూ ఇష్టం లేక చెప్పాను. గుండే తెంచింది. కొసలు నల్లగా మాడి ఉంటే నా కళ్ళతో చూశాను. వీడు లాగే చూశాడు, నా పక్కనే. వయసు మీద పడి మతి సరిగా ఉండట్లేదు వీడికి. ఎక్కడ పెట్టాలి సంతకం?"

"మేస్త్రీ" అన్నాడు బాబాయ్.

"నువ్వు కూర్చోరా."

హెడ్మిస్ట్రెస్ ఇద్దర్నీ మార్చి మార్చి చూసింది. వేలమంది పిల్లల అబద్ధాలు విన్న మనిషి, ఆవిడకి తెలియదా. కళ్ళజోడు తీసి తుడుచుకుని, "పత్రంలో ఉన్నట్టే ఉంచండి" అంది గుమాస్తాతో. గుమాస్తా రెండు కాగితాలూ చింపేశాడు. నాన్న సంతకం పెట్టాడు. బాబాయ్ కలం పట్టుకోలేదు. నాన్న ఆయన చెవి దగ్గరికి వంగి, "మీ ఆవిడకి మందులు నీ నిజం తెచ్చి పెడుతుందట్రా?" అన్నాడు. గదమాయింపు లేదు అందులో, బతిమాలాడు. బాబాయ్ కళ్ళు తుడుచుకోకుండానే సంతకం పెట్టాడు.

నేనైనా నోరు విప్పగలిగేదాన్నే. రోజంతా ప్రతిదానికీ నోరు పారేసుకునే దాన్ని. ఆ గదిలో మాత్రం నా నోరు పెగల్లేదు. షాపు దక్కింది కదా.

బయట వరండాలో బాబాయ్ గోడకి ఆనుకుని నిలబడ్డాడు. "ఆ నలుగురికీ ఎవరు చెప్తారు మేస్త్రీ? నేను చెప్పుకుందామనే కదా ఇంత దూరం వచ్చాను."

 నాన్న ఆయన చెయ్యి పట్టుకుని బస్టాపు దాకా నడిపించాడు.

ఇప్పుడు మా షాపు సముదాయంలో మూడోది. ఫలకం సరిగ్గా ఎదురుగా, అందులో నాన్నది మూడో పేరు, కింద పత్రంలోని మాటలు. నాన్న బల్లని తిప్పేసి, దానికి వీపు పెట్టి కూర్చుంటాడు. వెలుతురు వెనక నుంచి పడి ఆయన నీడే పని మీద పడుతుంది. అయినా మార్చడు. ఎవరైనా, ఆ మూడో పేరు మీదేనా అని అడిగితే, అలాంటి పేరు చాలామందికి ఉంటుందంటాడు. మా నాన్న వీరుడా అని నన్నడిగితే అవుననే అంటాను. ఆ కొండ మీద చేసినదానికి కాదు. ఒక్క నిజం చెప్పి తేలికపడదామని ముప్పై రెండేళ్ళు ఎదురుచూసి, అది నోటి దాకా వచ్చాక స్నేహితుడి కోసం వెనక్కి మింగినందుకు. అయినా కొండ మీద పోయిన ఆ నలుగురి ఇళ్ళవాళ్ళు అడిగితే మాత్రం ఈ మాట అనగలనా? అక్కడ నాకు తెగదు.

పోయిన వారం బాబాయ్ వచ్చాడు. ఆవిడకి కాస్త నయంగా ఉందని, పక్కింటివాళ్ళని చూసుకోమని చెప్పి, ఒక పూట ఉండి వెళ్దామని వచ్చాడు. బల్ల పక్కన కూర్చుని టీ తాగుతున్నాడు. అంతలో ఒకావిడ కాలిపోయిన నీళ్ళ మోటారు మోసుకుని లోపలికి వచ్చింది. ఫలకం చదివే వచ్చిందట. నాన్న కాలు చూసి గుర్తుపట్టేసింది.

"మీరేనా అండీ ఆయన? గుండు పడి తీగ తెగిపోతే పాక్కుంటూ వెళ్ళింది మీరేనా?"

నాన్న అలవాటుగా కాదనబోయి, బాబాయ్ వైపు చూశాడు. బాబాయ్ గ్లాసు పట్టుకుని కదలకుండా ఉన్నాడు. కాదంటే ఆ జాయింటు సంగతి బయటికి రావాలి, అవునంటే బాబాయ్ ముందే మళ్ళీ అబద్ధం. నాన్న నోరు తెరిచాడు. మాట రాలేదు.  అంత పెద్ద మనిషిని ఆ అవస్థలో నేనెప్పుడూ చూడలేదు.

"అవునండీ, మా నాన్నే" అన్నాను నేను. "గుండే తెంచింది."

ఆవిడ నాన్నకి నమస్కారం పెట్టింది. తర్వాత మోటారు బల్ల మీద దింపి, రేపటికల్లా అవుతుందా అని అడిగింది.