విరిగిన సూది దొరికేదాకా

కొట్టులో పరుపులు కుట్టి అమ్మే పరుపులామె పన్నాగం చాలా తేలికైనది. కూతుర్ని యుద్ధాల మ్యూజియంకి తీసుకెళ్ళాలి, అక్కడి తుపాకులూ చిల్లులుపడ్డ టోపీలూ కళ్ళారా చూపించాలి, దెబ్బతో పిల్ల బుద్ధి దారికి రావాలి. సైన్యంలో మందుపాతరలు వెతికి తీసే దళంలో చేరతానని ఆ పిల్ల కొన్నాళ్ళుగా చెవిలో ఇల్లు కట్టుకుని పోరుతోంది. ఎంపికయింది కూడా. సోమవారం వెళ్ళి చేరాలి. అమ్మ సరేనంటేనే వెళ్తానంది, అక్కడే వచ్చింది చిక్కంతా. ఎదురు తిరిగి వెళ్ళిపోయే పిల్లయితే తిట్టుకుని ఊరుకునేది.

పరుపులామె సరేనని ఎలా అంటుంది? ఆమె భర్త రోడ్లు వేసే పనిలో ఉండగా, ఎప్పుడో ముగిసిపోయిన యుద్ధం తాలూకు మందుపాతర మీద అడుగు వేశాడు. ఎడమ మోకాలి కింద ఇప్పుడున్నది పెట్టుడు కాలు. ఇంటికి ఒక కాలు పోయింది చాలని ఆమె తేల్చేసింది. భర్త మాత్రం కూతురి పక్షం. కందకు లేని దురద కత్తిపీటకెందుకని నవ్వేవాడు. ఆమెకి ఒళ్ళు మండేది. కాలు పోయింది ఆయనకే కావచ్చు, ఆ తర్వాత ఏడాది పొడుగునా కంటిమీద కునుకు లేనిది ఎవరికట?

ఆదివారం ముగ్గురూ వెళ్ళారు. తూటా దూసుకుపోయిన ఇనపటోపీ దగ్గర ఆమె కూతుర్ని చెయ్యి పట్టుకుని నిలబెట్టింది. బాంబులు పడేటప్పుడు జనం దాక్కున్న నేలమాళిగను ఉన్నదున్నట్టు కట్టి చూపించారు. అందులో ఓ మూల పసిబిడ్డ ఉయ్యాల చూసి ఆమెకే కళ్ళనీళ్ళు తిరిగాయి. కూతురు అన్నీ శ్రద్ధగా చూసింది గానీ బెదిరిన జాడ లేదు.

చివరి గది మందుపాతరలది. మందు తీసేసినవాటిని అద్దాల బీరువాలో వరసగా పెట్టారు. భర్త కర్ర ఊనుకుని ఒకదాని ముందు ఆగాడు.

"నాది ఇలాంటిదే," అన్నాడు, పోగొట్టుకున్న గొడుగు కనబడినవాడిలా.

పరుపులామె వంగి చూసింది. పౌడరు డబ్బా మూతకన్నా కాస్త పెద్దది, అంతే. ఇన్నేళ్ళూ ఆమె పీడకలల్లో అది గంగాళమంత ఉండేది. ఇంత ముక్కా మా ఇంటిని కూల్చబోయింది అనుకునేసరికి, భయం కాదు, కోపం ముంచుకొచ్చింది. కొట్టుకున్నవాళ్ళు కొట్టుకుని చక్కాపోయారు, దీన్ని మాత్రం నేలలో వదిలేసి.

గది మధ్యలో ఇసుక నింపిన వెడల్పాటి తొట్టి ఉంది. అందులో ఉత్తుత్తి పాతర ఒకటి దాచిపెట్టారు. బోర్లా పడుకుని సన్నటి ఇనప చువ్వతో దాన్ని వెతకాలి. పైనుంచి నొక్కితే ఎర్రదీపం వెలుగుతుంది. అక్కడ కూర్చున్న మీసాలాయన ఒకప్పుడు ఆ దళంలోనే పనిచేశాడు. ఆయన చువ్వ ఇవ్వగానే కూతురు హుషారుగా పడుకుని దించింది. దించీ దించగానే ఎర్రదీపం.

పరుపులామె ఎదురుచూసిన ఘడియ అదే. చూశావా అని ఒక్కమాట అంటే అయిపోయేది. నోటిదాకా వచ్చింది కూడా. కానీ పిల్ల రెండోసారీ చువ్వను నిలువునా పట్టుకోవడం కనబడింది. చేతిపని చెడిపోతుంటే చూస్తూ ఊరుకోవడం ఆమె ఒంట్లోనే లేదు.

ఆమె కొట్టులో ఒక కట్టుబాటుంది. పరుపు కుడుతుండగా సూది విరిగితే, ఆ ముక్క దొరికేదాకా ఎవరూ ఇంకో పని ముట్టరు, ఇంటికీ పోరు. అరచేత్తో అదిమితే ముక్క దూదిలో ఇంకా లోతుకి పోతుంది, లేదంటే చేతిలో దిగుతుంది. అంచునుంచి ఏటవాలుగా వేళ్ళు పోనిచ్చి, కొంచెం కొంచెంగా తడుముకుంటూ రావాలి. రేపు ఆ పరుపు మీద పడుకునేది ఎవరో ఏమో.

నడుం బిగించి ఆమె కూడా కూతురి పక్కన బోర్లా పడుకుంది. నలుగురూ చూస్తున్నారన్న ధ్యాసే లేదు.

"నిలువునా పొడవకమ్మా. పక్కనుంచి రా. తగిలితే నెట్టకు, ఆగు. సూదిముక్కే అనుకో."

పిల్ల ఊపిరి నిదానించింది. చాలాసేపటికి చువ్వ కొన దేనికో ఆనింది. అక్కడి ఇసుకను వేళ్ళతో మెల్లగా పక్కకి తీస్తే పాతర అంచు బయటపడింది. దీపం వెలగలేదు.

మీసాలాయన మెచ్చుకుని, తమ దళంలో ఆ తర్వాత ఏం చేసేవాళ్ళో చెప్పాడు. పొలం శుభ్రమయిందని నోటితో చెబితే రైతులు నమ్మేవాళ్ళు కారట. అందుకని వెతికినవాళ్ళే ఒకరి చేతులొకరు పట్టుకుని ఆ చివరనుంచి ఈ చివరిదాకా నడిచి చూపించేవాళ్ళట. పొలం అప్పగింత ఆ తర్వాతేనట.

పరుపులామె ఒంటి మీది ఇసుక దులుపుకోవడం మరిచిపోయింది. మా ఆయన రోడ్డు వేసినచోట అలా ఎవరూ నడవలేదా అని అడిగింది. అప్పట్లో అంతమంది మనుషులు లేరమ్మా, ఇప్పటికీ చాలరు, అన్నాడాయన.

భర్త ఈసారి నవ్వలేదు. ఆమె కూతుర్ని దగ్గరికి లాక్కుని జుట్టులోని ఇసుక దులిపింది. భయం పోలేదు. అది పోయేది కాదని ఆమెకి తెలుసు.

"సోమవారం వెళ్ళు," అంది. "తొందరపడ్డావని తెలిసిందో, చెవి పట్టుకుని ఇంటికి లాక్కొస్తాను. నువ్వు వెతికిన మొదటి పొలంలో ఆ నడిచే రోజు నాకు కబురు పెట్టు. నీ చెయ్యి పట్టుకుని నేనూ నడుస్తాను."