తాబేలు పేరు మీద నీళ్ళు

నా మొగుడు బాలప్ప వజ్రం తెస్తానని పోయి తాబేలు పిల్లను తెచ్చాడు. మా వజ్రకరూరు పక్క ఒక్క వాన పడితే చాలు, జనం ఉన్న పనులు వదిలేసి చేలల్లో తలలు వంచుకుని తిరుగుతారు, రాళ్ళ మధ్య ఏదైనా మెరుస్తుందేమోనని. నయాపైసలు కొత్తగా వచ్చిన ఆ ఏడు కార్తీకం దాకా వానే లేదు. పడిన ఆ ఒక్కటీ చెనిక్కాయ పంటకూ పనికి రాలేదు, మాకు వజ్రాన్నీ చూపలేదు. దొరికింది ఇదిగో, అరచేతిలో ఇమిడే తాబేలు. నల్లటి డిప్ప మీద పసుప్పచ్చ గీతలు చుక్కల్లా విచ్చుకుని ఉన్నాయి. దాన్ని తువ్వాలలో మూటగట్టి తెచ్చి నా మంచం మీద పెట్టాడు.

"ఏందప్పా ఇది?" అన్నాను.

"పొద్దస్తమానం గోడ చూస్తాండావు గదా. దీన్నన్నా చూడు," అన్నాడు.

నేనప్పుడు పచ్చి బాలింతను. పక్కలో బిడ్డ మాత్రం లేదు. ఆడపిల్ల పుట్టింది, పురుటి స్నానమైనా కాకముందే పోయింది. పేరు పెట్టే తీరిక కూడా ఇవ్వలేదు. బిడ్డ పోయింది గానీ బాలింత పథ్యం పోలేదు. చెవుల్లో దూది, తలకు గుడ్డ, మంచం కింద బొగ్గుల కుంపటి, వెల్లుల్లి కారంతో కొర్రన్నం. పాలు ఎగదన్నకుండా రొమ్ములకు బిగించి కట్టిన గుడ్డ. ఇవన్నీ ఓర్చుకున్నాను. ఓర్చుకోలేనిది దప్పిక. బాలింత నీళ్ళు తాగితే ఒళ్ళు ఉబ్బి, సన్ని జ్వరం కమ్మి చస్తుందట. పొద్దున ఒక చిన్న గిన్నెడు వాము నీళ్ళు, అంతే. కింద కుంపటి, కడుపులో కారం, నాలుక పిడచకట్టుకుపోయేది. ఈ పథ్యం కనిపెట్టిన మహాతల్లి ఎవరో గానీ ఆమె నోట్లో మన్ను పడ!

మా అత్త ఓబమ్మను అడిగి చూశాను, బతిమాలాను, తిట్టాను కూడా. గోడకు చెప్పుకున్నట్టే.

"బిడ్డ పోతే బాలింత కాకుండా పోతావా? కడుపు పచ్చిపుండు మే. నల్లి ఇట్లే మొండికేసి దొంగతనంగా కడవలో నీళ్ళు తాగినాది. ఏమైనాది?" అనేది.

నల్లి అంటే నా ఆడబిడ్డ నల్లమ్మ. తొలికాన్పులో సన్ని కమ్మి పోయింది. అది నేను ఈ ఇంటికి రాకముందు మాట.

తాబేలును చూడగానే అత్త గడపలోనే ఆగిపోయింది.

"బయట పారేయ్ రా! తాబేలు చొచ్చిన ఇల్లు యాడైనా బాగుపడ్డ్యాదా?"

"ఇంగ పాడయ్యేదానికి ఈ ఇంట్లో ఏముండాదత్తా?" అన్నాను. గొంతు పొడారిపోయి మాట గీసుకుంటూ వచ్చింది. అత్త నా వంక ఒక్క చూపు చూసి వెళ్ళిపోయింది. తాబేలు ఉండిపోయింది.

అయితే అది కదల్లేదు. మార్గశిరం చలికి తలా కాళ్ళూ లోపలికి లాక్కుని రాయిలా పడి ఉంది. బాలప్ప గొర్రెలు కాసే తిప్పయ్యను అడిగి వచ్చాడు. దాన్ని వెచ్చగా ఉంచాలట, ఎండ చూపించాలట, దినామూ గోరువెచ్చని నీళ్ళలో కాళ్ళు మునిగేటట్టు నిలబెట్టాలట. లేకపోతే మొద్దుబారి, మేత ముట్టక చస్తుందట. ఆ మాట అత్తకు చెప్పి, మర్నాడే కణేకల్ పక్క వరికోతల కూలికి పోయాడు. పొయ్యి వెలగాలంటే పోక తప్పదు మరి. ఇంట్లో మేమిద్దరం ఆడవాళ్ళం, తాబేలు మిగిలాం.

ఊరి బావి ఎండిపోయి చాలా కాలమైంది. వంక ఇసుకలో చెలమ తవ్వుకుని, అది ఊరేదాకా కూర్చుని, చెంబుతో తోడి కడవ నింపుకోవాలి. అత్త చీకటితో పోతే పొద్దు బారెడెక్కాక వచ్చేది. ఆ నీళ్ళలో కొన్ని వెచ్చజేసి, మట్టి మూకుడులో పోసి తెచ్చింది.

"ఇదో, తాబేలుకు," అని నేల మీద పెట్టింది. "దానికి సన్నీ లేదు, పథ్యమూ లేదు. పుణ్యం చేసుకున్యాది."

ఆమె అటు తిరిగిందో లేదో, మూకుడు ఎత్తి గటగటా తాగాను. అమ్మా, ఆ నీళ్ళు! బొగ్గు వాసన, మట్టి వాసన, అయినా అమృతమే. అడుగున కొన్ని మిగిల్చి తాబేలును అందులో నిలబెట్టాను. కాసేపటికి మెడ బయటికి చాచింది. ముక్కు నీళ్ళలో ముంచి, గొంతు చిన్నగా ఆడిస్తూ ఎంతసేపు తాగిందో! నాలాగే ఉంది పాపం, దాని దప్పిక కూడా. తర్వాత మూకుడు అంచు ఎక్కబోయి వెల్లకిలా పడి కాళ్ళు కొట్టుకుంది. బిడ్డ పోయాక నాకు నవ్వొచ్చింది అప్పుడే.

అప్పటి నుంచీ అదే మా బతుకు. కిటికీలోంచి నేల మీద పడే ఎండ ముక్క ఎటు జరిగితే దాన్ని అటు జరిపేదాన్ని. ఎండ పోయాక చేటలో పొట్టు పరిచి కుంపటికి కాస్త ఎడంగా పెట్టేదాన్ని. అత్త చెలమ దగ్గరి నుంచి గంగవాయిలాకు కోసుకొచ్చి, "నీ సవతికి మేత," అని విసిరేసేది. అది కొరికితే నాకూ ఆకలేసేది. దానికి పేరు మాత్రం పెట్టలేదు, భయమేసింది.

అంతలో ముసురు పట్టింది. వాన కావాలని ఆకాశం వంక నోరు తెరుచుకుని చూసినన్నాళ్ళూ రాని మబ్బు, ఎవరికీ అక్కర్లేని మార్గశిరంలో వచ్చి కూర్చుంది. భూమి తడవనూ లేదు, ఎండ రానూ లేదు. కిటికీలో ఎండ ముక్క లేదు. బొగ్గులు నెమ్మెక్కి పొగే తప్ప సెగ లేదు. తాబేలు మేత మానేసింది. తల లోపలికి లాక్కుంది. రొమ్ములకు కట్టిన గుడ్డ వదులు చేసి దాన్ని అందులో పెట్టుకుని, నా ఒంటి వేడి ఇచ్చాను. ఆ వేడి దానికి చాలలేదు. నా వేడి ఎవరికి చాలింది గనక!

ముసురు వదలని ఒక పొద్దున వెచ్చని నీళ్ళలో పెడితే దాని మెడ పక్కకు వేలాడింది.

నేను ఏడవలేదు. ఏడిస్తే అత్తకు తెలుస్తుంది. తెలిస్తే నీళ్ళు ఆగిపోతాయి. నా మనసులో మొదట వచ్చిన ఆలోచన అదే, దేవుడి తోడు. దాన్ని తుడిచి చేటలో పెట్టి పొట్టు కప్పేశాను. మర్నాడు అత్త మూకుడు తెచ్చి, "మేస్తాందా?" అంటే, "మేస్తాందత్తా," అన్నాను. నీళ్ళన్నీ నేనే తాగాను.

ఆ మరుసటి రోజు చీమలు బారు కట్టాయి. గోడ వెంట, మంచం కోడు పక్కగా, సూటిగా చేటలోకి. మూకుడు తెచ్చిన అత్త ఆ బారును చూసింది. మూకుడు కింద పెట్టి, వంగి, పొట్టు తీసింది. తాబేలును చేతిలోకి తీసుకుని చీమలను ఒక్కొక్కటే ఊది పారేసింది. అప్పుడు నా వంక, ఏ ఉబ్బూ లేని నా కాళ్ళ వంక చూసింది, తర్వాత మూకుడు వంక చూసింది. నేను గోడవైపు తిరిగిపోయాను. ఆమె దాన్ని కొంగులో వేసుకుని, మూకుడు కూడా తీసుకుని బయటికి వెళ్ళింది.

అయిపోయింది అనుకున్నాను. ఆ రోజంతా కొంగు నోట్లో కుక్కుకుని పడుకున్నాను. బిడ్డ కోసమా, తాబేలు కోసమా, నీళ్ళ కోసమా అని అడిగితే నాకే తెలియదు.

మర్నాడు అత్త చీకటితోనే చెలమకు పోయింది. వచ్చింది, పొయ్యి ఊదుతున్న చప్పుడు వినిపించింది. తలుపు తోసుకుని లోపలికి వచ్చింది. చేతిలో మూకుడు లేదు. పెద్ద ఇత్తడి చెంబు, నిండా నీళ్ళు, మీద ఆవిరి.

"ఇదో," అంది. "తాబేలుకు నీళ్ళు. చల్లారనీయొద్దు."

చెంబు నా పక్కన పెట్టి, వెళ్ళిపోలేదు. వాకిలివైపు తిరిగి నిలబడింది. రెండు చేతులతో ద్వారబంధం పట్టుకుంది. నేను చెంబు ఎత్తాను. తాగుతున్న చప్పుడు ఆ గదిలో దాచినా దాగదు. ఆమె వింటూనే ఉంది.

"తాగినాదా?" అంది, వెనక్కి తిరగకుండానే.

"తాగినాదత్తా."

"అంతా తాగినాదా?"

"అంతా."

ఆమె గడపలోనే కూలబడి, మోకాళ్ళ మధ్య తల పెట్టుకుని, "నల్లీ, నల్లీ," అని ఏడ్చింది.