గాజు పెరిగింది

బాలనర్సమ్మ మలారం భుజానికేసుకొని మొయినాబాద్ బస్టాండు కాడ రోడ్డు దాటుతుంటే లారీలు గూడ ఆగుతయి. తాళ్లకు గుచ్చిన ఎర్ర, పచ్చ, పసుపు గాజుల ఆ కట్ట ఆమెకంటె పొడుగుంటది. దాని చప్పుడు షాబాద్ దాంక ఇనొస్తదని, ఆ చప్పుడుకు వట్టిపోయిన బర్రె గూడ చేపుతదని చెప్పుకుంటరు. మనిషి మాత్రం పిడికెడు. వంగిన నడుము, పొగాకుకు గారబట్టిన పండ్లు, ఎంత బిరుసు చేతికైనా నొప్పి తెల్వకుండ గాజెక్కించే వేళ్లు. పేరుల నర్సున్నదని కొత్తోళ్లు జరాలకు సూది వెయ్యమంటరు. సూది లేదు, రెండు గాజులు తొడుగుత, జరం అదే పోతదంటది.

గాజుల కింద సంచిల ఇంకో సరుకుంటది, నిరోధ్ పాకిట్లు. ఫారంహౌసులకు, దాబాలకు పొయ్యే ఆడోళ్లకు అవి పంచుడు, రక్తపరీక్షకు తోల్కపోవుడు, ఎయిడ్స్ సంస్థోళ్లిచ్చిన కొలువు. ఒకప్పుడు తను గూడ ఆ తొవ్వల నడిచినదే. అప్పట్ల ఆ రోగానికి గోలీలు లేకుండె. సోపతి విమలమ్మ చెరుకుపిప్పి లెక్కయి పోతే పాడె మొయ్య నలుగురు దొర్కలే. తోపుడుబండి మీద ఏసుకొని బాలనర్సమ్మ ఒక్కతే నూకుకుంట పోయింది.

నలుగుర్ల నిరోధ్ అనరాదు గద. అందుకే ఆమెనే మాట కట్టింది, గాజు అని. గాజులైపోయినయంటే పాకిట్లు తెమ్మని. అది చినిగితే గాజు పెరిగిందనాలె. గాజు పగిలిందంటే కీడని మనోళ్లు పెరిగిందనే అంటరు, ఎవ్వలికీ అనుమానం రాదు. ఆ మాట చెవుల పడితే బాలనర్సమ్మ తినే బువ్వ ఇడిసి ఉరుకుతది. మూడొద్దులు దాటకముందే దవాఖానల గోలీలు మొదలువెడితే రోగం అంటకుండ ఆపొచ్చు. దాటితే ఆ గోలీలు ఇయ్యరు.

మొన్న పొద్దుగాల పూజ ఫోన్ చేసింది. చిల్కూరు తొవ్వల కిరాయి అర్రల ఉండే పోరి, ఈ పనిల దిగి ఏడాది గాలే. గాజు పెరిగింది, జల్ది రమ్మన్నది. సోమారమే బాలనర్సమ్మ ఆమెకు డజను పచ్చగాజులు తొడిగింది. నిజం గాజే అనుకున్నది. ఎల్లుండి వస్త తియ్యే, ఫికర్ జెయ్యకన్నది. ఓనరమ్మ పక్కనే నిలవడ్డదని పూజ ఇంకో మాట మాట్లాడలే.

ఇయ్యాల రెండు పచ్చగాజులు ఎర్రదారంతోని కట్టి తీస్కపోయింది. పూజ తలుపు తీసింది. కండ్లు వాచినయి. చేతుల నిండ గాజులున్నయి, ఒక్కటి తగ్గలే.

బాలనర్సమ్మ ఆ చేతుల దిక్కే చూసింది. తను కట్టిన మాట, తననే కరిచింది.

"ఎప్పుడే బిడ్డా?"

"మంగళారం రాత్రి. నువ్వు నేర్పిన మాటే చెప్పిన గదవ్వా."

శుక్రారం పొద్దు నడినెత్తి మీదికొచ్చింది. గడువు ఇయ్యాల్టితోనే సరి. పూజ గోడకు ఆనుకొని, ఇంక పోయేం లాభం, దవాఖానల ఏం పని చేస్తవని అడిగితే ఏం చెప్పాలని ఏడ్సింది.

"నా బిడ్డవని చెప్త. తప్పు నాది, తిట్టేది బస్సుల తిట్టు. నడువు."

ఆటో దొర్కలే. ఎండల నడిసి నడిసి రోడ్డెక్కేసరికి బాలనర్సమ్మ ముఖం బూడిదైంది. ఛాతి మీద చెయ్యి వెట్టుకున్నది. గ్యాసే, సోడా తాగితే పోతదన్నది గాని తాగనీకి ఆగలే.

చేవెళ్ల బస్సుల కండక్టర్ మలారాన్ని చూసి, ఆడోళ్లకైతే ఫ్రీ, మరి దీనికి టికెట్ కొట్టాల్నా అన్నడు.

"గాజులు ఆడోళ్లయా, మొగోళ్లయా? కొట్టు జీరో టికెట్."

బస్సంత నవ్వింది. పూజ గూడ నవ్వింది. బాలనర్సమ్మ నవ్వబోయి, కిటికీ ఊచ పట్టుకొని కండ్లు మూసుకున్నది. చెమటకు జాకిట్ తడిసి ఈపుకు అంటుకున్నది.

దవాఖానల చిట్టీ రాసే ఆమె, ఎంట ఎవరొచ్చిండ్రని అడిగింది. మా అవ్వ అన్నది పూజ, ఎవ్వలూ చెప్పకముందే. లోపటికి పొయ్యేటప్పుడు, నువ్వు గూడ డాక్టరుకు చూపెట్టుకో అన్నది.

"ముందుగాల నీది కానియ్యే."

బయట అరుగు మీద నీడ చూసుకొని బాలనర్సమ్మ కూసున్నది. మలారం ఒడిల పెట్టుకున్నది.

పూజ బయటికొచ్చేసరికి నీడ అరుగు దాటిపోయింది. తల గోడకాన్చి, నోరు కొంచెం తెరిచి, అవ్వ ఎండలనే నిద్రపోతున్నది. పూజ పక్కకు కూసున్నది. మెల్లగ చెప్పింది.

"ఇచ్చిండ్రవ్వా. టైముకే వచ్చినమంట. మొదటి గోలీ ఆడనే మింగిన. నెల దినాలు మింగాల్నంట."

అవ్వ చెయ్యి పట్టుకున్నది. ఎంత బిరుసు చేతికైనా గాజెక్కించే ఆ వేళ్లు, ఎండలున్నా సల్లగున్నయి.

పూజ లేసి లోపటికి ఉరికింది. ఆ కుదుపుకు మలారం ఒడిలకెళ్లి జారి బండల మీద పడ్డది. ఖల్లుమన్న చప్పుడుకు లైన్ల ఉన్నోళ్లంత మర్లి చూసిండ్రు. పైన ఎర్రదారంతోని కట్టిన రెండు పచ్చగాజులు, కింద వందల గాజులు. ఒక్కటి గూడ పెరగలే.