కాకి మీద వేసిన నింద

ధర్మవరంలో కాకులకు కొదవ లేదు, వాటి మీద అబద్ధాలు చెప్పే తల్లులకూ కొదవ లేదు. పిల్లల చేతిలో ఉండకూడని వస్తువు ఏదైనా సరే, లాక్కుని దాచేసి "కాకి ఎత్తకపాయె" అనేస్తే పీడ వదిలిపోతుంది. కాకి వచ్చి కాదని సాక్ష్యం చెప్పదు కదా! రామాంజినమ్మ కూడా అలాగే అనేసింది. అని ఇది మూడో రోజు. ఈ మూడు రోజులుగా రెండేళ్ళు నిండిన ఆమె కూతురు రుక్మిణి గుక్కెడు పాలు ముట్టలేదు.

కాకి ఎత్తుకుపోయిందన్నది పాలసీసాను. నిజానికి అది ఎక్కడికీ పోలేదు. మగ్గం గుంతలో, కాళ్ళతో తొక్కే చెక్కల వెనక, పాత గుడ్డలో చుట్టి ఉంది. నేతవాళ్ళ ఇంట్లో పసిపిల్లల్ని దిగనివ్వని చోటు అదొక్కటే. పొద్దున్నుంచి సాయంత్రం దాకా రామాంజినమ్మ ఆ గుంతలోనే కాళ్ళు పెట్టుకుని కూర్చుంటుంది. కాలు కదిపినప్పుడల్లా మడమకు ఆ మూట తగిలేది. తగిలినప్పుడల్లా ఆమె ముఖం చిన్నబోయేది.

పట్టుచీర ఒడలు ఒక రంగు, అంచు ఇంకో రంగు రావాలంటే మగ్గం ముందు ఇద్దరు కూర్చోవాలి. మొగుడు పోతులయ్య ఒడలు రంగు పోగున్న నాడె విసిరితే, పక్కనే కూర్చున్న రామాంజినమ్మ అంచు నాడె వేయాలి. ఆమె లేచిందా, మగ్గం ఆగినట్టే. రుక్మిణి పుట్టిన నాలుగో నెలలో, పాలివ్వడానికని మగ్గం మరీ ఎక్కువసార్లు ఆగుతోందని పోతులయ్య విసుక్కున్నాడు. ఆ వారమే ఇంట్లోకి పాలసీసా వచ్చింది. మగ్గం పక్కన చాప, చాప మీద పిల్ల, పిల్ల నోట్లో సీసా, సీసా జారకుండా దాని కింద మడత పెట్టిన గుడ్డ. కొంచెం పెరిగాక గుడ్డ కూడా అక్కర్లేకపోయింది. తన సీసా తానే పట్టుకుని, పైన ఆడే పట్టు పోగుల్ని చూస్తూ తాగేది. ఏడుపు లేదు, పేచీ లేదు. వీధి వీధంతా పిల్ల ఎంత బుద్ధిమంతురాలో అని మెచ్చుకుంటుంటే రామాంజినమ్మ మురిసిపోయింది. అయ్యో, ఎంత మురిసిపోయిందో!

పోయిన శనివారం హిందూపురంలో ఆడబిడ్డ ఇంటికి వెళ్ళినప్పుడు పిల్లకు జ్వరం తగిలి డాక్టరమ్మకు చూపించాల్సి వచ్చింది. ఆమె జ్వరానికి మందు రాసి, పిల్ల పై పెదవి ఎత్తి చూసి, తల అడ్డంగా ఆడించింది. ముందరి పండ్లు నాలుగూ గోధుమ రంగుకు తిరిగి ఉన్నాయి.

"సీసా నోట్లో పెట్టేసి వదిలేస్తే పండ్లు పుచ్చక ఏమైతాయమ్మా? సీసా మాన్పించు. గ్లాసుతో పట్టు" అంది.

కోప్పడి కూడా అనలేదు. కానీ "పెట్టేసి వదిలేస్తే" అన్న ముక్క రామాంజినమ్మ గుండెలో దిగబడిపోయింది. వచ్చేటప్పుడు స్టీలు అంగట్లో గుప్పెటలో పట్టేంత గ్లాసు కొని, దాని మీద 'రుక్మిణి' అని చెక్కించింది. అంగడాయన మిషను గుర్రుమంటుంటే పిల్ల కిలకిలా నవ్వింది. ఆ నవ్వు చూసి, ఇక ఇబ్బంది లేదులే అనుకుంది తల్లి. ఆదివారం పొద్దున సీసా గుంతలోకి పోయింది, నింద కాకి మీదికి పోయింది.

పోనీ, ఆ కాకి ఊరికే ఎగిరిపోయే కాకి కూడా కాదు. రోజూ మధ్యాహ్నం అన్నానికి ముందు పెరటి గోడ మీద ఒక ముద్ద పెట్టి, తల్లీబిడ్డలిద్దరూ "కా కా" అని పిలిచేది దాన్నే. రుక్మిణి నోట అమ్మ తర్వాత వచ్చిన రెండో మాట కాకి. అంత స్నేహం! మొదటి రోజు పిల్ల గోడ దగ్గర నిలబడి నమ్మలేనట్టు ఆకాశంలోకి చూసింది. రెండో రోజు ముద్ద పెట్టనివ్వలేదు. చెయ్యి అడ్డం పెట్టి "కాకి దొంగ" అంది. కాకి మాత్రం ఏ పాపమూ ఎరగనట్టు మెడ వంచి చూస్తూ కూర్చుంది. ఎరగదు మరి!

గ్లాసు దగ్గరికి తెస్తే పిల్ల పెదవులు బిగించేది. బెల్లం కలిపారు, చెంచాతో పోశారు. పాలన్నీ గడ్డం మీదుగా గౌను మీదికే. రెండో రోజు సాయంత్రం విసుగెత్తి రామాంజినమ్మ తొడ మీద ఒక్కటి అంటించింది. పిల్ల ఏడవలేదు. చాప మీదికి పోయి, చెయ్యి సీసాలాగా నోటి దగ్గర పెట్టుకుని, బొటనవేలు చీకుతూ పడుకుంది. అన్నం రెండు మెతుకులు, నీళ్ళు రెండు చుక్కలు తప్ప ఒంట్లోకి ఏమీ పోక బుగ్గలు లోపలికి పోయాయి.

మూడో రోజు పొద్దున పక్కింటి ఖాజాబీ ఎప్పటిలాగే నాడెలో పెట్టే కండెలు చుట్టడానికి వచ్చి రాట్నం ముందు కూర్చుంది. పిల్లను చూసి చెయ్యి ఆపేసింది.

"ఏం రామాంజినక్కా, పాప ఇట్ల వాడిపోయిండాది? పాలు తాగలేదా?"

"గ్లాసు చూస్తేనే మూతి తిప్పుతాది ఖాజాబీ."

"సీసా యాడ?"

"కాకి ఎత్తకపాయె" అనేసింది రామాంజినమ్మ, అలవాటులో.

ఖాజాబీ పకపకా నవ్వింది. "నాకు కూడా కాకేనా అక్కా! సరే, గ్లాసు ఎట్ల పట్టిస్తాండావు?"

"ఎట్లేముండాది? అందరూ పట్టించినట్లే."

"నేను చూస్తానే ఉండాను కదా. నాడె ఒక చేత్తో పట్టుకోని, గుంతలోంచి కాళ్ళు తియ్యకుండా, గ్లాసు ఇట్ల చాపుతావు. పాప వచ్చి తాగల్ల. సీసా అయితే తనే పట్టుకుంటాది. గ్లాసుకు నువ్వు కావల్ల కదక్కా."

"నీకేం తల్లీ, చెప్తావు. శ్రావణం పెళ్ళిళ్ళకు చీర దిగాల. నేను లేస్తే ఆయప్ప ఊరుకుంటాడా?" అని రామాంజినమ్మ కస్సుమంది. పోతులయ్య విననట్టే నాడె విసిరాడు. ఖాజాబీ కండెలు చుట్టి వెళ్ళిపోయింది. కోపం మాత్రం రామాంజినమ్మకు చాలాసేపు పోలేదు. నిజం మాట మీద వచ్చిన కోపం అంత తొందరగా ఎక్కడ పోతుంది?

మధ్యాహ్నం అవుతుండగా ఆమె తలెత్తి చూస్తే చాప మీద పిల్ల లేదు. పాలు పోసి పక్కన పెట్టిన గ్లాసు కూడా లేదు. నాడె అక్కడే పడేసి లేచింది.

"ఏమే, యాడికి?" అన్నాడు పోతులయ్య.

ఆమె పెరట్లోకి పరుగెత్తింది. గడప నుంచి గోడ దాకా నేల మీద పాల చుక్కలు. ఆ చుక్కల చివర రుక్మిణి. రెండు చేతులా గ్లాసు పట్టుకుని, మునివేళ్ళ మీద నిక్కి నిక్కి గోడ మీద పెట్టాలని చూస్తోంది. అందక, గోడ కింద బండ మీద పెట్టింది. తర్వాత గోడ మీది కాకి వైపు తలెత్తింది.

"కాకీ, గ్లాచు తీచుకో. చీచా ఇయ్యి" అంది. కాకి కదలలేదు. పిల్ల గ్లాసును ఇంకొంచెం ముందుకు తోసింది. "దొంగ కాదు. మంచి కాకి. ఇయ్యి."

రెండు రోజులుగా ఈ పసిది ఎవరి మీద అలిగింది, ఎవరిని తిట్టింది, ఇప్పుడు ఎవరిని బతిమాలుతోంది! పేరు చెక్కిన కొత్త గ్లాసు, తన పాలు, తన దగ్గర ఉన్నదంతా తెచ్చి ఏ తప్పూ చేయని పక్షి ముందు పెట్టింది. దొంగ ఏమో ఈ మూడు రోజులూ ఇంట్లో మగ్గం ముందే కూర్చుని ఉంది.

రామాంజినమ్మ లోపలికి పోయి గుంతలోకి వంగి, మూట పైకి లాగి తెచ్చింది. పిల్ల ముందు గొంతుకూర్చుని గుడ్డ విప్పింది.

"కాకి ఎత్తకపోలేదమ్మా. అమ్మే దాచిపెట్టె. కాకిది ఏం తప్పు లేదు. తప్పు నాదే తల్లీ, నాదే" అంది.

రుక్మిణి సీసాను చూసింది, అమ్మను చూసింది, కాకిని చూసింది. ఎంత అర్థమైందో ఎవరికి తెలుసు! సీసా తీసుకుని చంకలో పెట్టుకుంది కానీ నోట్లో పెట్టుకోలేదు. అమ్మ కళ్ళలో నీళ్ళనే చూస్తూ ఉండిపోయింది.

రామాంజినమ్మ బండ మీద కూర్చుని పిల్లను ఒళ్ళోకి లాక్కుంది. తల మోచేతి మడతలో ఆనించి, గ్లాసులో మిగిలిన సగం పాలు పెదవికి తగిలించి, తొందరపెట్టకుండా పట్టుకుంది. మొదటి గుక్క కారిపోయింది. రెండోది లోపలికి పోయింది. తర్వాత ఒక చిన్న చెయ్యి వచ్చి గ్లాసు పట్టుకున్న ఆమె చెయ్యి మీద వాలింది. నాలుగో నెల తర్వాత ఈ బిడ్డ తన ఒళ్ళో ఉండి పాలు తాగడం ఇదే మొదటిసారి. ఆ లెక్క తట్టగానే రామాంజినమ్మకు తెలిసివచ్చింది. పాలమీదా కాదు, సీసామీదా కాదు ఈ మూడు రోజుల పంతం.

"ఏమే, తడిపిన పోగు ఎండిపోతాండాది!" అని లోపలి నుంచి అరిచాడు పోతులయ్య.

"ఎండనీ!" అని ఇక్కడి నుంచే అరిచింది.

గ్లాసు ఖాళీ అయింది. పై పెదవి మీద పాల మీసంతో రుక్మిణి ఒళ్ళోంచి జారి దిగింది. ఖాళీ సీసాను చంకలో పెట్టుకుని, ఎవరూ చెప్పకుండానే ఇంట్లోకి నడిచింది. రామాంజినమ్మ వెనకే వెళ్ళింది. పిల్ల మగ్గం పక్కన తన చాప మీద, తన చోట్లో బుద్ధిగా పడుకుంది. తల తిప్పి తల్లిని చూసింది.

"అమ్మా, మగ్గం" అంది. పాలు తాగడం అయిపోతే అమ్మ ఎక్కడికి పోవాలో ఆ బిడ్డకు బాగా తెలుసు.

"పోను తల్లీ. ఈ పూట పోను, నీ దగ్గరే ఉంటా" అంది రామాంజినమ్మ. అని కిందికి చూసుకుంటే, ఒక కాలు అప్పటికే గుంతలో ఉంది.