బేస్తవారం ఊదు

ఈ మర ఇంకొక్క చుట్టు తిరిగితే చాలు, ఎక్కువ బిగిస్తే ప్లాస్టిక్ పగిలి ఊరుకుంటుంది, మర బిగించడం చపాతీ పిండి కలపడం లాంటిదమ్మా, చేతికి తెలియాలి అని కెమెరాలూ అలారాలూ బిగించే ట్రైనింగులో భీమశంకరరావు సార్ మొదటి వారమే చెప్పారు, ఆయన జన్మలో పిండి ముట్టుకుని ఉంటారా, వాళ్ళావిడ కలుపుతుంటే చూసి ఉంటారు, అయినా మంచి మనిషి, నలభై దాటినదాన్ని, కొత్తూరు నుంచీ మామిడిపల్లి నుంచీ వచ్చే పిల్లల మధ్య కూర్చోబెట్టి సకీనాగారూ అని పిలుస్తారు, కాకినాడ మర్యాద కాబోలు, మా గల్లీలో నన్ను గారూ అన్నవాడు ఇంతవరకు పుట్టలేదు, ఏందక్కా ఈ వయసుల నిచ్చెనలెక్కుడు అన్నవాళ్ళే అందరూ, ఎక్కితే ఏమైంది, పైనుంచి చూస్తే రాములు సేటు బట్టల దుకాణం మొత్తం అరచేతిలో ఉన్నట్టుంది, చీరల గుట్టలు, గల్లాపెట్టె, గల్లా వెనక సేటు బట్టతల, అచ్చం నేను పొద్దున బిగించిన గుండు కెమెరాలాగే మెరుస్తోంది, నవ్వకు సకీనా, ఇవాళ నీకు పరీక్ష, కాగితం మీద రాసేది కాదు, నిజం దుకాణంలో కెమెరాలు, షట్టరుకి దొంగ గంట, సీలింగుకి పొగను పసిగట్టే డబ్బా, అన్నీ సొంత చేత్తో బిగించి చూపించాలి, సార్ సరే అంటే ఎయిర్‌పోర్టు పక్క గోదాముల్లో కెమెరాలు చూసుకునే నౌకరీ ఖాయం, నౌకరీ ఖాయమైతే మర్నాడే అబ్బాజాన్‌ని ఇంట్లో కూర్చోబెడతాను, ఆ మోకాళ్ళతో బజారంతా తిరిగింది చాలు, ఇగ మంచం మీద కూర్చుని నా మీద కేకలేస్తే చాలు.

డబ్బా పలికింది, ఎర్ర దీపం మినుకుమంది, సరిగ్గా గల్లా మీదే పెట్టాను, సేటు అడిగాడు, నా పానమంత గీ పెట్టెలనే ఉంటది సకీనమ్మా, దీన్ని సూసుకో అని, నేనూ అన్నీ అడిగాను, వైరు ముట్టుకునే ముందు మనుషుల్ని అడగండి, వాళ్ళ అలవాట్లు తెలుసుకోకుండా పెట్టిన అలారం పిచ్చికుక్క, ఇంటివాళ్ళనే కరుస్తుంది అని సార్ రోజూ చెప్పేదే కదా, షట్టరు ఎప్పుడు తీస్తారు, టీ ఎక్కడ కాస్తారు, దేవుడి పటానికి అగరొత్తి ఎక్కడ వెలిగిస్తారు, ఆఖరికి సిగరెట్ ఎవరు తాగుతారని కూడా అడిగితే చీరలు చూపించే కావేరి కిసుక్కున నవ్వి సేటు వైపు చూసింది, ఇంతకంటే ఏం అడగాలి, పైన విమానం పోతోంది, నిచ్చెన సన్నగా వణికింది, కింద ఎవరో వచ్చారు, తెల్ల టోపీ, చేతిలో నిప్పుల గిన్నె, చంకలో నెమలీకల కట్ట, యా అల్లా, ఇవాళ బేస్తవారం, అబ్బాజాన్ దుకాణాలకు సాంబ్రాణి ఊదు వేసే రోజు.

డబ్బా కుయ్యోమని మొదలుపెట్టింది, చెవులు చిల్లులు పడేలా, ఒకావిడ భుజం మీద వేసుకు చూస్తున్న పట్టుచీరతోనే రోడ్డు మీదికి ఉరికింది, ఆమె వెనక కావేరి, అక్కా చీర, అక్కా చీర అంటూ, సేటు గల్లాపెట్టెను కావలించుకున్నాడు, ఇంత గోలలో మా అబ్బాజాన్ జహంగీర్ సాబ్ గల్లా ముందు నిలబడి కళ్ళు మూసుకుని దువా చదువుతున్నాడు, ఆయనకు వినపడితే కదా, చెవులు విమానాల మోతకు పోయాయని ఆయన, వయసుకు పోయాయని నేను, రోజూ ఇదే జగడం, ఇంకో గుప్పెడు ఊదు చల్లాడు, పొగ గుప్పున లేచి నేరుగా నా డబ్బా మూతిలోకే, దువా ముగించి కళ్ళు తెరిచి నన్ను చూసి బోసినోరు తెరిచాడు, ఏంది బేటీ, అందరు ఉరుకుతున్నరు, బస్సొచ్చిందా?

ఏం చెప్పను, బస్సు కాదు అబ్బాజాన్, నా బుద్ధి గడ్డి తినడానికి వెళ్ళింది, పొద్దున ఆ గిన్నెలోకి బొగ్గులు ఎంచి ఇచ్చింది నేనే, ఊదు పొట్లం కట్టి ఇచ్చింది నేనే, అగరొత్తి గురించి అడిగినదాన్ని ఊదు గురించి అడగలేదు, ఎందుకు అడుగుతాను, పుట్టినప్పటి నుంచీ ఆ పొగలోనే ఉన్నాను, నా దుప్పటిలో అదే, నా జుట్టులో అదే, నా ముక్కుకి అది పొగ కాదు, మా ఇల్లు.

సార్ వచ్చి మీట నొక్కి డబ్బా నోరు మూయించారు, ఆయన ముఖంలో కోపం లేదు, అదే నాకు భయం, చెమట తుడుచుకుని సేటుతో చెప్తున్నారు, సిస్టమ్‌లో లోపమేమీ లేదండీ, పొగొచ్చింది, అరిచింది, అమ్మాయి పాసైనట్టే, ఆ పొగ వేసే పెద్దాయన్ని మాత్రం ఇకమీదట రావద్దని చెప్పేయండి, సేటు బట్టతల గోక్కున్నాడు, మా నాయిన కాలం సంది వస్తుండు సార్, గని మీరు జెప్తున్నరు గదా, సూద్దాం, ఆ సూద్దాం అంటే ఏమిటో నాకు తెలుసు, ఈ దుకాణం మానిపిస్తే పక్క దుకాణం మానిపిస్తుంది, అందరూ ఈ డబ్బాలే పెట్టుకుంటున్నారు, రంజానుకి ముందే అబ్బాజాన్ ఇంట్లో కూర్చుంటాడు, నేను కోరుకున్నది అదే కదా, నోరు మూసుకుని నిచ్చెన దిగితే చాలు, పాసు, నౌకరీ, ఆయనకు మంచం, అందరికీ మంచిదే, దిగు సకీనా, దిగు, కాలు కదలదే, కింద ఆయన ఏమీ వినపడక అందరినీ చూసి నవ్వుతున్నాడు, సేటు కొడుకు పెళ్ళి గురించి అడుగుతున్నాడు, నీ పోరికి జ్వరం తగ్గిందా అని కావేరిని అడుగుతున్నాడు, కూర్చోవయ్యా అని కూతురు అనడం వేరు, రావద్దని గడప అనడం వేరు, వినపడకపోయినా అది మాత్రం ఆయనకు వినపడుతుంది.

సార్, తప్పు నాదే, అనేశాను, పైనుంచే, ఆయన మా అబ్బాజాన్ సార్, ప్రతి బేస్తవారం వస్తాడు, ముందే లెక్కలోకి తీసుకోవాల్సింది, పొగ డబ్బా వెనక గోదాములో పెడతా, బట్టల మూటలున్న చోట, తలుపు మూసే ఉంటది, ఇక్కడ గల్లా మీద వేడికి పలికే డబ్బా పెడతా, మంట లేచి సీలింగు కాగితేనే అరుస్తది, ఊదుకు అరవదు, సార్ నన్ను చూశారు, ఆయన్ని చూశారు, ఇప్పుడు విప్పితే మొదటిది తప్పని మీరే ఒప్పుకున్నట్టమ్మా, ఇది గనక పని చేయకపోతే వచ్చే బ్యాచి దాకా ఆగాలి, ఆలోచించుకోండి అన్నారు, ఆలోచిస్తే దిగిపోతాను సార్ అన్నాను, ఆయన వచ్చి నిచ్చెన పట్టుకున్నారు, ఇస్త్రీ చొక్కా మీద సున్నం రాలుతోంది, అయినా వదల్లేదు.

విప్పాను, మార్చాను, మర ఒకటి జారి చీరల్లో పడితే కావేరి వెతికి ఇచ్చింది, అంతా అయ్యాక సార్ వేడిగాలి మిషను పైకి అందించారు, పెట్టగానే కుయ్యోమంది, బాగుంది, అసలు పరీక్ష ఇంకా ఉంది, సార్ అబ్బాజాన్ చెవి దగ్గరికి వంగి గట్టిగా అరిచారు, పెద్దాయనా, ఇంకోసారి వేయండి, అబ్బాజాన్ మురిసిపోయాడు, ఒకే దినం రెండుసార్లు అడిగిన సేటు ఎవడూ లేడు, పొట్లంలో ఉన్నదంతా గుమ్మరించాడు, పొగ లేచింది, గల్లా మునిగింది, సేటు మునిగాడు, నిచ్చెన మీద నాకు దగ్గొచ్చింది, అందరి తలలూ పైకే, డబ్బా మూగగా ఉంది, ఉంది, ఇంకా ఉంది, కావేరి చప్పట్లు కొట్టింది, శుభం, పాసమ్మా అన్నారు సార్ కళ్ళు నులుముకుంటూ.

అబ్బాజాన్ మాత్రం పోలేదు, నెమలీకలు చాచి ముందు సేటు భుజాన్ని, తర్వాత షట్టరు మీది నా గంటను, నా కెమెరాను తాకి, పెదాలు కదుపుతూ ఒక్కొక్కదాని మీదా ఊదుతున్నాడు, ఈ దుకాణానికి అగ్గి తగలొద్దు, దొంగ కన్ను పడొద్దు, లోపలున్నోళ్ళు సల్లగుండాలె, ఆగు, ఆ మాటలు ఎక్కడివి, నేను పొద్దుటి నుంచీ ఈ గోడలకు బిగిస్తున్నవి అవే కదా, ఈ వయసులో ఈ పిచ్చి నీకెక్కడ పట్టిందని బజారంతా అడిగితే ఏమో అన్నాను, నాకే తెలియదనుకున్నాను, ఆయన్ని కూర్చోబెట్టడానికి నేర్చుకుంటున్నాననుకున్నాను, ఇన్నాళ్ళూ నేను నేర్చుకుంటున్నది మా అబ్బాజాన్ పనే.