జాస్మిన్ విన్న ఇంజిన్

తన బొమ్మ హెలికాప్టర్‌ని నవదీప్‌కి ఇచ్చేస్తున్నానని ప్రేమ్ కిరణ్ చెప్పేసరికి జాస్మిన్ టీ పెడుతోంది. పొయ్యి కట్టేసి వచ్చి అతని ఎదురుగా నిలబడింది. భర్తకి ఏం చెప్పాలన్నా ఈ మధ్య ఎదురుగా నిలబడే చెప్పాలి.

"ఎందుకు ఇచ్చేయడం?" అంది నిదానంగా.

"ఇంజిన్ ఎలా తిరుగుతోందో వినపడనివాడు దాన్ని ఎగరేయకూడదు జాస్మిన్. ఎవరి మీదన్నా పడితే?"

అతను తిరువూరులో ఒక జూనియర్ కాలేజీలో ఫిజిక్స్ చెబుతాడు. కిందటి వానాకాలం దాకా చెవులు బాగానే ఉండేవి. జ్వరం వచ్చి తగ్గాక ఒక చెవి మూసుకుపోయినట్టయింది, ఆ వెంటనే రెండోది. విజయవాడలో డాక్టర్లు మందులు వాడించి, చివరికి వినికిడి మిషన్లు పెట్టారు. గదిలో ఒక్కరే మాట్లాడితే అర్థమవుతుంది. నలుగురు మాట్లాడితే మాత్రం రేకుల షెడ్డు మీద వాన పడ్డట్టు అంతా ఒకటే రొద.

ఆ హెలికాప్టర్ పేరుకే బొమ్మ. దాని రెక్క ఈ కొస నుంచి ఆ కొసకి మనిషి చేతులు బారచాపినంత ఉంటుంది. అది బ్యాటరీతో కాక నైట్రో అనే ఇంధనంతో నడుస్తుంది. ఆ చిన్న ఇంజిన్‌కి ఎంత ఇంధనం అందాలో సూదిలాంటి ఒక స్క్రూ తేలుస్తుంది. దాన్ని ఎక్కువ తెరిస్తే ఇంజిన్ బుడబుడలాడుతూ తెల్లటి పొగ కక్కుతుంది. మరీ బిగిస్తే ఇంధనమూ, దాంట్లో కలిసి వచ్చే నూనే రెండూ చాలక, శబ్దం సన్నబడి, వేడెక్కి పాడవుతుంది. ఆ రెండింటికీ మధ్య సరైన చోటు ఎక్కడుందో ప్రేమ్ కిరణ్ ఇన్నేళ్లూ చెవితోనే పట్టాడు.

నవంబరులో ఒక ఆదివారం, చెవులు పోయాక మొదటిసారి, ఒక్కడే వెళ్లి ఎగరేశాడు. పొగ చూసి, చేత్తో తాకి చూసి స్క్రూ తిప్పుకున్నాడు. కాసేపు బాగానే ఎగిరింది. తర్వాత గాల్లోనే ఇంజిన్ ఆగిపోయింది. ఆ సంగతి హెలికాప్టర్ కిందికి జారుతుంటే గానీ అతనికి తెలియలేదు. అది నేలకి కొట్టుకుని తోక వంగిపోయింది. తోక మార్చి బాగుచేశాడు గానీ మళ్లీ బయటికి తీయలేదు.

"ఇచ్చే ముందు ఒక్కసారి నా ఎదురుగా ఎగరేయండి," అంది జాస్మిన్. "పెళ్లయిన దగ్గర్నుంచీ పెరట్లో దాని గోల వింటున్నాను. ఎగరడం మాత్రం ఎప్పుడూ సరిగ్గా చూడలేదు. ఇంజిన్ నేను వింటాను, మీరు ఎగరేయండి."

"నువ్వా? ఇంధనం ఎక్కువైతే ఎలా ఉంటుందో, తక్కువైతే ఎలా ఉంటుందో నీకేం తెలుసు?"

"తెలీదు. కఫం పట్టిన రొమ్ము ఎలా ఉంటుందో, పిల్లికూతలు ఎలా ఉంటాయో తెలుసు. వార్డులో రోజూ వినేది అదేగా."

జాస్మిన్ ప్రభుత్వాసుపత్రిలో స్టాఫ్ నర్సు. ప్రేమ్ కిరణ్ చాలా రోజుల తర్వాత నవ్వాడు.

ఆదివారం చర్చి అయ్యాక, నవదీప్‌తో కలిసి ముగ్గురూ రెడ్డిగూడెం వైపు వెళ్లారు. మామిడి తోటల వెనక వెంకటప్పయ్య అనే రైతు బీడు ఉంది. ప్రేమ్ కిరణ్ ఎప్పుడూ అక్కడే ఎగరేసేవాడు. తోటలు పూత మీదున్నాయి. నవదీప్ అతని దగ్గర చదువుకున్నవాడే. ఇప్పుడు డ్రోన్లతో మిరప చేలకి మందు కొడుతున్నాడు. డ్రోన్ల గురించి అన్నీ తెలిసినా ఇంజిన్ ఉన్నదాన్ని ఎప్పుడూ ముట్టుకోలేదు.

"మా డ్రోన్లకి ట్యూనింగ్ గొడవ లేదు సార్. బ్యాటరీ పెట్టడం, ఎగరేయడం," అన్నాడు.

జాస్మిన్ భర్త పక్కన నిలబడింది. శబ్దం బొంగురుగా ఉంటే అరచెయ్యి కిందికి, సన్నగా ఉంటే వేలు పైకి, బాగుంటే పిడికిలి. అదీ ఒప్పందం. ప్రేమ్ కిరణ్ చెవి మిషన్లు తీసి జేబులో వేసుకున్నాడు. ఇంజిన్ దగ్గర అవి పెట్టుకుంటే తల పగిలిపోతుంది.

ఇంజిన్ దగ్గి దగ్గి అంటుకుంది. హెలికాప్టర్ బరువుగా లేచింది, వెనక తెల్లటి పొగ. జాస్మిన్ కాసేపు విని అరచెయ్యి కిందికి చూపించింది. అతను దించి, రెక్క ఆగాక స్క్రూ కొద్దిగా బిగించాడు. మళ్లీ లేపాడు. మళ్లీ అరచెయ్యే, కానీ ఈసారి దాదాపు కుదిరిందన్నట్టు అటూ ఇటూ ఊపుతూ. ఇంకొంచెం బిగించాడు. ఆ తర్వాత లేచిన శబ్దంలో తేడా జాస్మిన్‌కి కూడా తెలిసింది. బుడబుడలు పోయాయి. ఒకే ఊపిరి, నిండుగా. పిడికిలి బిగించి అతని కళ్ల ముందు పెట్టింది.

ప్రేమ్ కిరణ్ హెలికాప్టర్‌ని తోట అంచు దాకా పంపి వెనక్కి తిప్పాడు. నిటారుగా పైకి లేపాడు. అతని పెదాలు కొంచెం తెరుచుకుని ఉన్నాయి. జాస్మిన్ హెలికాప్టర్‌ని వదిలేసి అతని ముఖమే చూస్తూ ఉండిపోయింది.

అప్పుడు శబ్దం మారినట్టు అనిపించింది.

ముందు నమ్మలేదు. దూరం వెళ్లింది కదా, అందుకేమో అనుకుంది. అది దగ్గరికి వచ్చింది. శబ్దం ఇంకా సన్నగానే ఉంది, చివర్లో కీచుమంటోంది. చెప్పాలా? ఇంత సంతోషంగా ఉన్న మనిషికి ఇప్పుడే చెప్పాలా? ఒకవేళ తనే పొరబడితే?

భుజం పట్టుకుని వేలు పైకి చూపించింది.

"ఇప్పుడేగా బాగుందన్నావు!" అని అరిచాడు. చెవి మిషన్లు లేకపోతే తను ఎంత గట్టిగా మాట్లాడుతున్నాడో అతనికి తెలియదు. జాస్మిన్ వేలు దించలేదు.

నవదీప్ కూడా ముందుకొచ్చి ఆకాశం వైపు చూపిస్తూ, పొగ లేదన్నట్టు చెయ్యి ఊపాడు.

ప్రేమ్ కిరణ్ పళ్లు బిగించి దించాడు. రెక్క ఆగాక ఇంజిన్ మీద వేలు పెట్టి చటుక్కున వెనక్కి లాక్కున్నాడు. కాలిపోతోంది. మిషన్లు మళ్లీ చెవులకి పెట్టుకుని ఇంజిన్ చుట్టూ ఒక్కో భాగమూ చూశాడు.

"స్క్రూ నేను ముట్టుకోలేదు. అదే స్క్రూతో మొదట బాగుంది, సగంలో పాడైంది," అన్నాడు చివరికి. "మధ్యలో మారింది ఏంటి?"

"ట్యాంకులో ఇంధనం తగ్గింది సార్, అంతే," అన్నాడు నవదీప్.

ప్రేమ్ కిరణ్ అతని వంక చూసి, గబగబా ట్యాంకు విప్పాడు. లోపల ఇంధనాన్ని పీల్చే మెత్తటి ట్యూబు ఉంటుంది. దాన్ని వెలుతురుకి పెట్టి వంచాడు. వంపు దగ్గర సన్నటి చీలిక విచ్చుకుంది. ట్యాంకు నిండా ఉన్నంతసేపూ చీలిక ఇంధనంలో మునిగి ఉంటుంది. మట్టం దాని కిందికి దిగగానే గాలి పీలుస్తుంది. ఇక ఎవరెంత బాగా స్క్రూ తిప్పినా లాభం లేదు.

"నవంబరులో జరిగింది కూడా ఇదే," అన్నాడు.

నవదీప్ ముఖం వెలిగింది. "అయితే మీ చెవుల వల్ల కాదు సార్!"

"అలా అనలేం నవదీప్. ట్యూబు చీలింది, నిజమే. చెవులుంటే శబ్దం మారగానే దించేవాణ్ణి. వినపడటం లేదని తెలిసి కూడా ఎవర్నీ తోడు పిలవకుండా ఒక్కణ్ణే వచ్చాను."

జాస్మిన్ అతని పక్కన గట్టు మీద కూచుంది. అతను ట్యూబుని వేళ్ల మధ్య తిప్పుతూ, తల ఎత్తకుండా అన్నాడు:

"క్లాసులోనూ అంతే చేస్తున్నాను. పిల్లలు ఏదో అడుగుతారు. సగం వినపడదు. విన్నట్టు తలూపి బోర్డు వైపు తిరిగిపోతున్నాను."

ఆమెకి ఈ మాట కొత్త. కోపం రాలేదు. ఇన్ని నెలలు రోజూ ఇంటికొచ్చి, కాలేజీ బాగానే ఉందని చెప్పిన మనిషి ఎంత అలిసిపోయి ఉంటాడో అనిపించింది. అతని గడ్డం పట్టుకుని ముఖం తనవైపు తిప్పుకుంది.

"వాళ్లకి చెప్పండి," అంది. "పెద్దపిల్లలే కదా, అర్థం చేసుకుంటారు."

అతను లేచి సామాన్ల పెట్టె తెరిచాడు. పెట్టెలో కొత్త ట్యూబు ముక్క ఉంటే కోసి బిగించాడు. ఈసారి ట్యాంకు అడుగంటే దాకా ఎగరేశాడు, జాస్మిన్ పిడికిలి చివరి దాకా విప్పలేదు. సామాన్లు సర్దేటప్పుడు నవదీప్ హెలికాప్టర్‌ని తన వ్యాన్‌లో పెట్టుకోలేదు.

"నాకొద్దు సార్. ఆదివారాలు నేనూ వస్తాను, నేర్పండి చాలు."

సోమవారం మొదటి పీరియడ్‌లో ప్రేమ్ కిరణ్ హాజరు తీసుకోలేదు. పరీక్షలు దగ్గరపడ్డాయి, పిల్లలు పుస్తకాల్లో తలలు దూర్చి ఉన్నారు. జుట్టు పక్కకి తోసి చెవి మిషన్ చూపించాడు. "నాకు సరిగా వినపడదు. ఇన్నాళ్లూ మీకు చెప్పకుండా దాచాను. ఎవరికి సందేహం వచ్చినా ముందుకొచ్చి, నా ముఖం చూసి అడగండి. అర్థం కాకపోతే మళ్లీ అడిగించుకుంటాను."

పిల్లలు పుస్తకాల్లోంచి తలలెత్తి చూశారు. తర్వాత వెనక బెంచీ నుంచి పూజిత లేచి, పుస్తకం పట్టుకుని బల్ల దగ్గరికి వచ్చింది. ఒక లెక్క మీద వేలు పెట్టి, ఒక్కో మాటా విడమర్చి అడిగింది.

"మంచి సందేహం," అన్నాడు. "ముందే అడగొచ్చుగా అమ్మా?"

పూజిత కొంచెం తడబడింది. "పోయిన వారం నుంచీ అడుగుతూనే ఉన్నాను సార్."

అతని ముఖం ఎర్రబడింది. "పొరపాటు నాదే తల్లీ," అన్నాడు. చాక్‌పీసు తీసుకుని, ఆమెని బోర్డు పక్కనే నిలబెట్టుకుని, ఆ లెక్క మొదటి నుంచీ చెప్పడం మొదలుపెట్టాడు.